నెలలు నిండిన గప్పీ

సినిమాల్లో నా పని కంటిన్యుటీ చూడటం. నిన్నటి షాట్‌లో హీరోయిన్ చెవికి ఏ జూకా ఉంది, టేబుల్ మీద గ్లాసులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయి, అన్నీ ఫోటోలు తీసి పెట్టుకుని ఇవాళ తేడా వస్తే అరవడం. అరవడం నాకు బాగా వచ్చు. సెట్లో నా నోటికి లైట్‌మెన్ కూడా జడుస్తారు. ఇంట్లో ఆ నోటిని భరించింది మా అమ్మ ఒక్కతే.

అమ్మ నర్సు. కోస్తాలో ఒక మిషన్ ఆసుపత్రి పురుళ్ల వార్డులో ముప్ఫై ఏళ్లకు పైగా చేసి, రిటైరయ్యాక ఫిల్మ్ నగర్‌లో నా రెండు గదుల పోర్షన్‌కి వచ్చేసింది. ఆదివారం చర్చి తప్ప ఆవిడకు వెళ్లే చోటు లేదు. "తిని కూర్చోడమేనా ఇక నా బతుకు?" అని రోజూ సణిగేది. మేడమీద అద్దెకున్న మేకప్ అసిస్టెంట్ భార్య నెల తప్పిందని తెలిశాక మాత్రం అమ్మకు ప్రాణం లేచొచ్చింది. రెండు రోజులకోసారి ఆ పిల్లను కిందికి పిలిచి, తన పాత మిషన్‌తో బీపీ చూసి, పాదాల మీద వేలితో నొక్కి చూసి పంపేది. "నా చేతికి తెలీకుండా ఏ కడుపూ పోదే" అనేది నాతో. ఆ గర్వం ఒక్కటే ఆవిడకు మిగిలింది.

ఆ వేసవిలో జూబ్లీహిల్స్‌లో ఒక బంగళా అద్దెకు తీసుకుని షూటింగ్ చేశాం. హాల్లో అక్వేరియం, దాన్నిండా రంగురంగుల గప్పీ చేపలు. లైట్ల వేడికి నీళ్లు వెచ్చబడిపోయేవి. పని లేనివాళ్లంతా వాటికి బిస్కెట్ ముక్కలు వేసేవాళ్లు. షెడ్యూలు ముగిసేసరికి సగం చచ్చాయి. మిగిలినవాటిని ఎవరికి వాళ్లు కవర్లలో పట్టుకుపోతుంటే, పొట్ట బాగా ఉన్నదాన్ని ఒకదాన్ని అమ్మ కోసం తెచ్చాను. గప్పీలు గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. ఆ మాట చెప్పగానే ఆవిడ మొహం చూడాలి!

"ఓసినీ, నాకు మళ్లీ డ్యూటీ వేశావే!" అంది.

గాజు జాడీ కిటికీ దగ్గర పెట్టించింది. కళ్లజోడు తుడుచుకుని వంగి, తోకకు ముందు పొట్ట అడుగున ఉన్న నల్లమచ్చ చూసి, నెలలు నిండాయని తేల్చేసింది. రోజూ ఉదయం నేను పనికి వెళ్లేముందు ఒకే చోటు నుంచి ఫోటో తీయమనేది. నా విద్య నాకే నేర్పేది. మేడమీది పిల్ల కూడా దిగివచ్చి, "ముందు నేనా, గిదా పెద్దమ్మా?" అని నవ్వేది.

"ఇదేనమ్మా. రేపో ఎల్లుండో. నీకింకా రెండు నెలల పైనే ఉంది."

రేపూ అయింది, ఎల్లుండీ అయింది. వారం గడిచింది. పొట్ట ఉబ్బుతూనే ఉంది. చేప తిండి మానేసి జాడీ అడుగున ఓ మూల పడి ఉండేది. "నొప్పుల ముందు అంతే, కదలబుద్ధి కాదు" అంది అమ్మ. నేను మాత్రం ఫోటోల్లో ఒకటి గమనించాను. పొలుసులు ఒంటికి అంటుకుని లేవు, లేచి నిలబడ్డట్టు నీడలు పడుతున్నాయి. కిటికీ వెలుతురు మారి ఉంటుందిలే అనుకున్నాను. అది మా వాళ్ల అలవాటు. రెండు షాట్ల మధ్య తేడా కనబడితే ముందు లైటింగ్‌నే అనుమానిస్తాం.

పదో రోజు పొద్దున చేప వెల్లకిలా తేలింది. అమ్మ జాడీ ముందు కుర్చీలోంచి లేవలేదు. సాయంత్రం పని నుంచి వస్తూ, ఎర్రగడ్డ మార్కెట్లో అక్వేరియం చేపలు అమ్మే అతనికి నా ఫోన్లో ఫోటోలు చూపించాను.

"పొలుసులు లేసినయ్ చూడుండ్రి మేడమ్. ఒంట్ల నీరు చేరింది. కడుపుల పిల్లలు గూడ ఉండె పాపం. రెండూ ఒక్కతీర్గనే కనవడతయి, ఒక్కోసారి మాకే సమజ్ గాదు. గీ ఫోటో తీసిన్నాడే తెస్తే ఉప్పునీళ్లల్ల వేరే పెట్టి చూస్తుంటిమి" అన్నాడు. అతను వేలు పెట్టింది నేను వెలుతురు తేడా అనుకున్న ఫోటో మీదే.

ఆ సిగ్గంతా కోపమై నాతో ఇంటికి వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా మొదలుపెట్టాను.

"అది రోగమట! పురుడూ లేదు, పుణ్యమూ లేదు. నీ కళ్లు ఎప్పుడో పోయాయి, ఒప్పుకోవు. చేప గనక సరిపోయింది. ఎవరి పిల్లనో ఇలాగే రేపూ ఎల్లుండీ అని కూర్చోబెట్టి చంపుతావు!"

కడుపులో పిల్లలున్న మాట నిజమేనని చెప్పలేదు. ఫోటో సంగతి అసలే చెప్పలేదు. అమ్మ లేచి వెళ్లి బీపీ మిషన్‌ని గుడ్డలో చుట్టి బీరువా పైన పెట్టేసింది.

ఆ తర్వాత మేడమీది పిల్ల వస్తే కబుర్లు చెప్పేది, ఆవకాయ పెట్టి పంపేది, అంతే. చెయ్యి వేసి చూసేది కాదు. ఒక సాయంత్రం నేను ఇంట్లో ఉండగానే ఆ పిల్ల వచ్చింది.

"పెద్దమ్మా, కాళ్లకు నీరొచ్చింది. తలకాయ గూడ బాగ నొస్తుంది. అందరికి గిట్లనే అయితదంట గదా?"

అమ్మ ఆ పిల్ల మొహంలోకి, చేతి వేళ్లకేసి చూసింది. "నాకేం తెలుస్తుందమ్మా. డాక్టరమ్మకి చూపించుకో" అంది.

"వచ్చే వారం ఉంది చెకప్" అని ఆ పిల్ల నెమ్మదిగా మెట్లెక్కి వెళ్లిపోయింది. హమ్మయ్య, మా అమ్మకు ఇన్నాళ్లకు బుద్ధి వచ్చింది అనుకున్నాను నేను. దేవుడు నన్ను క్షమించాలి.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆ పిల్లకు బీపీ బాగా పెరిగి ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రిలో తల్లిని దక్కించారు. బిడ్డ దక్కలేదు.

"మొహం ఉబ్బింది. వేలికి ఉంగరం బిగుసుకుపోయింది. అన్నీ చూశానే" అంది అమ్మ, కన్నీళ్లు లేకుండా. "అప్పటికప్పుడు ఆటో ఎక్కించాల్సింది. మళ్లీ తప్పు చెబుతానేమోనని భయమేసింది."

నేను భోరున ఏడ్చాను. చేప ఫోటో తీసి చూపించి, తప్పు నాదేనమ్మా, చూసి కూడా చెప్పలేదు అన్నాను. ఆవిడ ఫోటో వైపు తిరగలేదు. "ఇప్పుడెందుకులే" అంది.

కొన్ని వారాలకు మేడమీది వాళ్లు ఇల్లు ఖాళీ చేశారు. వెళ్లేముందు ఆ పిల్ల మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మనిషి సగమైపోయింది.

"పెద్దమ్మా, గన్ని పురుళ్లు చేసినవ్ గదా. ఆ దినం నన్ను జూస్తే నీకేం అనిపియ్యలేదా?"

అమ్మ పెదవులు కదిలాయి. నిజం చెప్పేయబోతోందని నాకు అర్థమైంది. ఆ పిల్ల ఏమంటుందోనని హడలిపోయి, నేనే అందుకున్నాను.

"అమ్మకు కళ్లు సరిగ్గా కనబడవమ్మా."

ఆ పిల్ల నావైపు చూసి, మళ్లీ అమ్మ వైపు చూసింది.

"అవునమ్మా" అంది అమ్మ. "కనబడవు."