సున్నా, ఆరు, సున్నా

మొన్న ఒక రైల్వే మ్యూజియంలో పాత మీటర్‌గేజి ఇంజను ముందు బోర్డు చూశాను: ఎఫ్ క్లాసు, 0-6-0, గూడ్సు. విక్టోరియా రాణి కాలంలో మొదలైన రకం. ముందు చిన్న చక్రాలు సున్నా, మధ్యలో లాగే చక్రాలు ఆరు, వెనక చిన్న చక్రాలు సున్నా అని ఆ అంకెలకు అర్థం.

మదనపల్లెలో నాలుగో తరగతి చదివేటప్పుడు నాకు అది తెలియదు. లెక్కల్లో వందకు తొమ్మిది మార్కులు వచ్చాయి. నాయన కుప్పంలో ఉద్యోగం చేసేవాడు కాబట్టి ప్రోగ్రెస్ కార్డు మీద తాతే సంతకం పెట్టాలి. తాత ఒకప్పుడు రైలింజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్. భయపడి రెండు రోజులు కార్డు దాచాను. మూడో రోజు ఆయన పాత డైరీలో "ఎఫ్ క్లాసు, 0-6-0" అని కనబడింది. ధైర్యం వచ్చింది.

"తాతా, నువ్వు ఫెయిలు క్లాసు. మూడు సబ్జెక్టులకూ కలిపి నీకు ఆరే. నాకు లెక్కల్లోనే తొమ్మిది," అన్నాను.

ఆయన డైరీ చూశాడు, కార్డు చూశాడు.

"అవునప్పా, నాకంటే నువ్వే మేలు," అని సంతకం పెట్టాడు. "మీ నాయనకు మాత్రం చెప్పొద్దు. వానికి నేను ఫస్టు క్లాసని చెప్పిండా."

తాను పనిచేసిన ఆ ఇంజనును ఎవరు తక్కువ చేసి మాట్లాడినా ఊరుకోని మనిషి, ఆ రోజు దాని చక్రాలను తన మార్కులుగా ఒప్పుకున్నాడు.