నేను ఆపమనలేదు

ఒక మనిషి కన్ను, ఇంకో మనిషి కాలు. ఏళ్ల తరబడి ఈ రెండూ మోసుకుంటూ తిరుగుతున్నాను. మా ఆవిడకు చెప్పలేదు. సింహాచలం కొండ ఎన్నిసార్లు ఎక్కానో, దేవుడి ముందు కూడా నోరు పెగల్లేదు. ఎవరో తెలియని మీకు చెబుతున్నాను. నన్ను ఓదార్చకండి, తిట్టాలనిపిస్తే తిట్టుకోండి. పేర్లు మార్చాను. ఇందులో అబద్ధం అదొక్కటే.

మల్కాపురం అవతల ఒక ఇనుము యార్డులో, కాంట్రాక్టరు కింద, నేనూ నాయుడూ కలిసి పనిచేసేవాళ్లం. చుట్టరికం ఏమీ లేదు, అయినా బావా అంటే బావా అనుకునేవాళ్లం. క్రేను అతను నడిపేవాడు. కింద నిలబడి చేత్తో సైగలిచ్చేది నేను. పైన క్యాబిన్లో కూర్చున్నవాడికి ఇనప ప్లేట్ల గుట్టల వెనక ఏముందో కనపడదు. అందుకని కిందవాడి చెయ్యి ఏం చెబితే అదే. వేలు కిందికి చూపించి తిప్పితే దించాలి. అరచెయ్యి అడ్డంగా ఊపితే ఆపాలి. ఎందుకని అడగకూడదు. నాయుడు ఏ రోజూ అడగలేదు, నన్ను అంతగా నమ్మేవాడు.

కాగితాల మీద మాత్రం అంతా తలకిందులు. కాంట్రాక్టరు మా అమ్మ తరఫు బంధువు కాబట్టి నన్ను రెండో షిఫ్టు క్రేను ఆపరేటర్‌గా రాశాడు. నాయుడికి ఆపరేటర్ జీతం ఇవ్వాల్సి వస్తుందని అతన్ని కళాసీగా రాశాడు, అంటే బరువులు మోసే కూలీ. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. టీ తాగుతూ ఆ మాట చెప్పుకుని నవ్వుకునేవాళ్లం కూడా.

అప్పుడు ప్రభుత్వ ఉద్యోగం పడింది. క్రేను ఆపరేటర్లు కావాలి, నడిపిన అనుభవం మూడేళ్లు ఉండాలి. ఇద్దరం పరీక్ష రాశాం. నాయుడికి నాకంటే మార్కులు ఎక్కువ. మిగిలింది ఒక్క పోస్టు. కళాసీకి క్రేను అనుభవం ఎక్కడిదని నాయుడిని పక్కనపెట్టారు. ఆ చోటు నాకు వచ్చేసినట్టే. కానీ నాయుడు ఊరుకునే రకం కాదు. అర్జీ పెట్టాడు. ఇన్నాళ్లూ నడిపింది తానైతే అనుభవం ఇంకెవడిదని ఆఫీసుల చుట్టూ తిరిగాడు. చివరికి ఒక అధికారి, యార్డుకే వచ్చి కళ్లారా చూసి తేలుస్తానన్నాడు.

కాంట్రాక్టరు నన్ను సీతమ్మధారలో తన ఇంటికి పిలిపించాడు. నాయుడిది నిజమని తేలితే నీది దొంగ సర్టిఫికెట్ అని కూడా తేలుతుంది చూసుకో, అన్నాడు. ఆయన అన్నది అంతే. తర్వాత నేను చేసినదానికి ఆయనకు సంబంధం లేదు, ఆ బుద్ధి నాదే. అధికారి చూస్తుండగా లోడు వంకరగా దిగాలి, ప్లేట్లు దభాలుమని జారాలి, వీడికి పని రాదని ఆయన రాసుకుని పోవాలి. అంతే అనుకున్నాను. నిజంగా అంతేనా? ఎన్నేళ్లయినా నేను ఈ ప్రశ్న దగ్గరే నిలబడి ఉన్నాను.

ఆ పొద్దున నాయుడు క్యాబిన్ మెట్లెక్కుతూ నా వైపు చూసి నవ్వాడు. ప్లేట్ల కట్ట గాల్లోకి లేచింది. కింద, గుట్ట వెనక సత్యం అనే కళాసీ చెక్క దుంగలు సర్దుతున్నాడు, కట్ట వచ్చి వాటి మీద ఆనాలి. సత్యం గోదావరి వైపు మనిషి, అతని బావమరుదులిద్దరూ మా యార్డులోనే పని. ఒక దుంగ ఇంకా వంకరగా ఉంది. సత్యం దాన్ని కాలితో లోపలికి నెడుతున్నాడు. అప్పుడు నేను వేలు కిందికి తిప్పాను.

సత్యం కాలు చూశానా? చూశాను. ఈ ఒక్క మాట రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. చూశాను, తీసేసుకుంటాడులే అనుకున్నాను, లేదా అలా అనుకున్నానని తర్వాత నాకు నేనే చెప్పుకుని నిద్రపోవడం అలవాటు చేసుకున్నాను. నిజానికి ఆ క్షణాన నా బుర్రలో కాలు లేదు. పోస్టు ఉంది.

కట్ట దిగింది. చెరుకుగడ విరిచినట్టు చప్పుడైంది. సత్యం ముందు అరవలేదు. చర్మం చీల్చుకుని బయటికొచ్చిన తన ఎముక వైపు, అది ఎవరిదో అన్నట్టు చూశాడు. తర్వాత అరిచాడు. ఆ అరుపుకి యార్డంతా పరిగెత్తుకొచ్చింది.

బావమరుదులు క్యాబిన్ ఎక్కారు. నాయుడిని జుట్టు పట్టి మెట్ల మీదుగా ఈడ్చుకొచ్చారు. తల ప్రతి మెట్టుకీ కొట్టుకుంటూ వచ్చింది. కింద ఇంకొందరు కలిశారు. బూటుకాళ్లతో తన్నారు, దొరికిన కర్రతో బాదారు. అధికారి జీపులో దూరి అద్దాలెత్తుకున్నాడు. నాయుడి పళ్లు నేల మీద పడ్డాయి. నెత్తురు, ఇనప పొడి అంటుకుని ఆ మొహం ఎవరిదో పోల్చుకోలేకుండా అయింది. అందులోంచి నన్ను వెతుక్కున్నాడు.

"బావా, నువ్వే గదా దించమన్నావు. సెప్పు బావా ఈళ్లకి."

చేతులు ఆగాయి. అందరూ నా వైపు తిరిగారు. ఒక్క మాట, అవునంటే చాలు, అతను బతికిపోతాడు. అవునంటే ఆ కర్రలు నా మీద విరుగుతాయి. ఉద్యోగమూ పోతుంది.

"నాను ఆపమన్నాను," అన్నాను. "ఈడికి క్రేను సేతకాదు."

నాయుడు నమ్మలేనట్టు తల ఊపి, బావమరుదుల వైపు తిరిగి మళ్లీ నోరు తెరిచాడు. నా చేతిలో లోడు తగిలించే ఇనప కొక్కెం ఉంది. పక్కనుంచి మొహం మీద కొట్టాను. కోపం కాదు. నోరు మూయించాలి, అంతే. అది ఎడమకంట్లో దిగబడింది. చేతికి మెత్తగా తెలిసింది. మిగతావాళ్లు మళ్లీ మీద పడ్డారు, నా దెబ్బ వాళ్ల దెబ్బల్లో కలిసిపోయింది. కన్ను తీసింది ఎవరో నాయుడికి తెలియదు. నాకు తెలుసు.

సత్యానికి మోకాలి దాకా కాలు తీసేశారు. పోలీసుల దాకా పోకుండా కాంట్రాక్టరు చూసుకున్నాడు. ఇక అధికారి తేల్చిన సంగతి వినండి. క్రేను నడుపుతున్నది నాయుడే అని తాను స్వయంగా చూశాడట, బాగా నడిపాడా లేదా అన్నది తన పని కాదట, కాబట్టి అనుభవం చెల్లుతుందట. నేను చేయించిన ప్రమాదమే నాయుడికి సాక్ష్యం చెప్పింది! పోస్టు అతనిదే అన్నారు. మెడికల్‌కి పిలిచారు. ఒంటికన్ను మనిషికి క్రేను ఇవ్వరు కదా. తర్వాతి పేరు నాది, నా సర్టిఫికెట్ జోలికి ఎవరూ పోలేదు.

ఇప్పుడు పైన కూర్చునేది నేను. కింద ఎవరో వేలు తిప్పుతారు.  ఆ చేతిని నమ్మి దించాలి, వేరే దారి లేదు.

ఈమధ్య పని మీద అచ్యుతాపురం వెళితే ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ బట్టల్లో నాయుడు కనిపించాడు. నేను తప్పుకుని పోబోయాను. అతనే పిలిచాడు. తన స్టూలు నాకు వేసి టీ తెప్పించాడు. మా ఆవిడ గురించీ పిల్లల గురించీ అన్నీ అడిగాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"ఆ రోజు నీ సెయ్యి నానే తప్పు సూసేను బావా. నువ్వు ఆపమంటే దించమన్నట్టు కనిపించింది. సత్యం కాలు నానే తీసేను. పైగా ఆ తప్పు నీ మీద ఎట్టబోయేను. మనసులో ఎట్టుకోకు."

ఏం చెయ్యాలి నేను? కాళ్ల మీద పడాలి కదా. గ్లాసు కింద పెట్టి, "పోన్లే బావా," అన్నాను. నేను అతన్ని క్షమించాను. థూ నా బతుకు. కన్ను పొడిచినప్పుడు కూడా నా మీద నాకు ఇంత రోత పుట్టలేదు.

ఇది అతను చదవడు. ఎదురుగా వెళ్లి చెప్పే ధైర్యం రేపు వస్తుందని కూడా మీకు మాట ఇవ్వలేను. అయినా ఇంతవరకూ రాసేసరికి గుండెల్లో పట్టేసినదేదో కొద్దిగా వదిలింది. ఇన్నాళ్లకు ఒక్కచోటైనా నిజం ఉంది. ఆ చివరి ముక్క కూడా అనేస్తాను.

నాయుడు బావా, నీ కళ్లు రెండూ సరిగ్గానే చూశాయి. నేను ఆపమనలేదు. దించమన్నాను.