బిల్లులు చూపించమని అడిగిన నాగమణి గారు

రెండేళ్ల కిందటి వానాకాలం. ఏలూరులో నా ఆఫీసుకి కైకలూరు నుంచి నాగమణి గారు వచ్చారు. అక్కడ ఒక కాంప్లెక్సులో చేపల చెరువుల వాళ్లకి వలలు, తాళ్లు అమ్ముతారావిడ.

“లాయరమ్మ గారూ, నెలాఖరుకి షాపు ఖాళీ చేసేస్తున్నానండీ. అడ్వాన్సు తిరిగి ఇమ్మని ఓ కాగితం రాసివ్వండి” అన్నారు.

ఓనరు అద్దె పెంచలేదట. పెరిగింది కామన్ మెయింటెనెన్స్. అంటే అందరూ వాడుకునే మెట్లు, నీళ్ల మోటారు, జనరేటర్, వాచ్‌మన్ ఖర్చు. ఓనరు పెట్టి, షాపుల వాళ్ల దగ్గర వసూలు చేసుకుంటారు. అది ఏడాదిలో రెండింతలైంది.

“బిల్లులు చూశారా?”

“అయ్యో, ఎలా అడుగుతానండీ! షాపు తెరిచిన రోజు కొబ్బరికాయ మా ఓనరు, ఆ పెద్దాయన చేతే కొట్టించాం. లెక్క అడిగితే అనుమానించినట్టు కాదూ?”

మా వైపు ఇదొక జబ్బు. కూరగాయల దగ్గర రూపాయికి గంట బేరమాడతాం, పెద్దవాళ్లని మాత్రం కాగితం చూపించమనం. నాకు ఒళ్లు మండింది. “అడగందే అమ్మైనా పెట్టదండీ! అగ్రిమెంటు ఏదీ?” అన్నాను.

దేవుడి పటాల వెనక ఉందట. మర్నాడు తెచ్చారు, నాలుగు మూలలా కుంకుమ బొట్లతో. పదకొండేళ్లు పూజలందుకుంది గానీ, దాన్ని ఎవరూ చదివిన పాపాన పోలేదు. రెండో పేజీలో స్పష్టంగా ఉంది: అయిన ఖర్చు మాత్రమే తీసుకోవాలి, బిల్డింగులోని షాపులన్నిటికీ వైశాల్యాన్ని బట్టి పంచాలి, అడిగితే బిల్లులు చూపించాలి.

అప్పటికప్పుడు ఘాటుగా లీగల్ నోటీసు రాసేశాను. ఆవిడ చదివి వెనక్కిచ్చేశారు.

“ఇది పంపితే ఆయన మొహం చూడలేనండీ. షాపే వదిలేసుకుంటాను.”

“అయితే వదిలేసుకోండి!” అనేశాను. నా నోరు అలాంటిది.

ఆవిడ లేచి నిలబడ్డారు. “మా ఆయన మంచాన పడ్డప్పటి నుంచి మాకు అన్నం పెట్టింది ఆ షాపేనండీ” అని కొంగుతో కళ్లొత్తుకున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. నోటీసు చింపేసి, “మీరే చెప్పండి, రాస్తాను” అన్నాను.

ఆవిడ చెప్పినట్టే రాశాను. “అయ్యా, తమరు క్షేమమని తలుస్తాను. మనం రాసుకున్న ప్రకారం ఈ ఏడాది ఖర్చుల బిల్లులు ఒకసారి చూడాలనుకుంటున్నాను. తమకి వీలైన రోజు చెప్పండి.” కింద అగ్రిమెంటులోని షరతు నంబరు మాత్రం నేను చేర్చాను.

నాలుగో రోజే పెద్దాయన ఇంటికి పిలిచారు. నాగమణి గారి వెంట నేనూ వెళ్లాను. కాఫీలయ్యాక ఆయన గుమాస్తా ఫైలు తెచ్చాడు. డీజిల్, కరెంటు, వాచ్‌మన్ జీతం, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తప్పు పంపకంలో ఉంది. పై అంతస్తులో షాపులు ఏడాదిగా ఖాళీ. వాటి వాటా కూడా కింద ఉన్నవాళ్ల మీద వేసేశాడు గుమాస్తా.

“ఖాళీ షాపులు నావి కదరా! వాటి ఖర్చు వీళ్లెందుకు కట్టాలి?” అన్నారు పెద్దాయన.

“మీకు నష్టం రాకూడదనండీ...” అని నసిగాడతను.

పెద్దాయన ఆవిడ వైపు తిరిగారు. “ఏమ్మా, ఇన్నాళ్లూ ఒక్క మాట అడగలేదేం?”

“మీరు నొచ్చుకుంటారని, అడగకుండా ఖాళీ చేసేద్దామనుకున్నానండీ.”

“చెప్పకుండా ఖాళీ చేసి వెళ్లిపోతే నొచ్చుకోనూ?”

అందరి దగ్గరా ఎక్కువ తీసుకున్నది రాబోయే నెలల్లో తగ్గించేలా అక్కడే కాగితం రాయించి సంతకం పెట్టారు. బయటికొచ్చాక నాగమణి గారు నా చెయ్యి పట్టుకుని, “మీరు లేకపోతే షాపు పోయేదండీ” అన్నారు. నా నోటీసే వెళ్లుంటే ఆ ఇంట్లో మాకు కాఫీ ఇచ్చేవాళ్లు కాదు. కేసు ఏళ్ల తరబడి నడిచేది, బహుశా గెలిచేదాన్ని కూడా. ఈలోపు ఆవిడ షాపు మూసేసేవారు.

అగ్రిమెంటు చదవండి, బిల్లులు అడగండి, అది మీ హక్కు అని అద్దెదారులందరికీ ఇప్పటికీ గట్టిగానే చెబుతాను. కాకపోతే ముందు ఓ మర్యాదైన ఉత్తరం రాస్తాను. దానికి జవాబు రాకపోతేనే నోటీసు. చాలాసార్లు నోటీసు దాకా వెళ్లటం లేదు. ఆ కేసులో నాకు ఫీజిచ్చిందీ ఆవిడే, పని నేర్పిందీ ఆవిడే.