మెట్ల మీద గలగల

పగలంతా లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. సాయంత్రమైతే అకార్డియన్ వాయిద్యం మెడకు తగిలించుకుని, పాటల్లో చచ్చినవాళ్ల చేత డాన్సు చేయిస్తుంది. అందుకే అక్క కూతురు ఆమెకు దెయ్యాల పిన్ని అని పేరు పెట్టింది, వీధి వీధంతా అదే పట్టుకుంది. ఆమెవి క్యాబరే పాటలే, కాకపోతే కడుపుబ్బ నవ్వించి చివర్లో వెన్నులో వణుకు పుట్టిస్తాయి. మొగుడికి విషం కలిపిన టీ ఇచ్చి రుచి ఎలా ఉందని అడిగే ఇల్లాలు, తన శవపేటిక కొలతలు తానే చెప్పే ముసలాయన, ఇలాంటి జనం.

నాలుగు పాటల చిన్న ఆల్బమ్ ఒంటిచేత్తో తయారు చేసింది. లాండ్రీలో వేలాడే కోట్ల మధ్య నిలబడి పాడింది, గుడ్డలు వీధి గోలను మింగేస్తాయని. దరువుకి డ్రమ్ము వాడదు, ఇంటి చప్పుళ్లే వాడుతుంది: ఇస్త్రీపెట్టె బుస, కత్తెర టకటక. నాలుగో పాటకి మాత్రం అక్క ఇంట్లో ఫోనులో పట్టిన చప్పుడు వేసింది. మెట్ల మీద బరువైన అడుగులు, కాసేపు నిశ్శబ్దం, తాళంచెవుల గుత్తి గలగల. బావ ఇంటికొచ్చే చప్పుడది. పాట కుదిరితే చాలు, కొంప అంటుకున్నా పట్టదు ఇలాంటివాళ్లకి.

ఆల్బమ్ బయటికొచ్చాక గానీ అక్క మాట గుర్తు రాలేదు. "నీ పాటల్లోకి నా ఇంటిని లాగకే తల్లీ. ఆయనకి తెలిస్తే నన్ను బతకనివ్వడు." అక్క చేతి మీద కమిలిన మచ్చలకి ఎప్పుడూ తలుపే కారణం. ఆ తలుపు కథ నమ్మినట్టు నటించడం చెల్లెలికి అలవాటైపోయింది.

ఆదివారం మధ్యాహ్నం లాండ్రీలోనే ఇరుగుపొరుగుని పిలిచి ఆల్బమ్ పెట్టి వినిపించింది. బావని పిలవలేదు. పెళ్లాన్నీ కూతుర్నీ వెంటేసుకుని ఆయనే వచ్చాడు.

"మా మరదలు ఆర్టిస్టు అయిపోతే నేను రాకపోతే ఎలా?" అంటూ ముందు కుర్చీలో కూర్చున్నాడు.

మూడు పాటలకీ బావ పగలబడి నవ్వాడు. నాలుగోది ఆపేద్దామని చెల్లెలు చెయ్యి చాపింది.

"ఉండనీ, చివరిదే కదా," అన్నాడు.

అడుగుల చప్పుడు మొదలైంది. బావ ముఖంలో మార్పేమీ లేదు. తన నడక తనకెలా తెలుస్తుంది? గండం గడిచిందనుకుంది చెల్లెలు. అప్పుడు గుత్తి గలగలమంది. పాప కుర్చీ దిగి, చడీచప్పుడు లేకుండా ఇస్త్రీ బల్ల కింద దూరి, చెవులు మూసుకుంది. అప్పటిదాకా తండ్రి పక్కనే కూర్చున్న పిల్ల.

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. ఒక్కొక్కరే బావ వైపు తిరిగారు. ఆయనకి అప్పుడు అర్థమైంది.

"పద, ఇంటికెళ్దాం," అన్నాడు భార్యతో, చాలా మెల్లగా.

అక్క లేచింది. వంగి బల్ల కిందికి వెళ్లి, కూతురి పక్కన చతికిలబడి, పిల్లని ఒళ్లోకి లాక్కుంది.

"మీరెళ్లండి," అంది అక్కణ్నించే. "మేం రాం."

పాటల్లో ఎంతమంది మొగుళ్లని చంపిందో గానీ, ఈ ఒక్కడి ముందు చెల్లెలికి నోరు పెగల్లేదు. వెళ్లి బల్లకి అడ్డంగా నిలబడింది.