చైర్మన్‌ను కుర్చీ దింపిన ఆదివారం

కుడి చెంప నున్నగా ఉంది. ఎడమ చెంప మీద సబ్బు నురగ ఆరి అట్ట కట్టింది. ఆ మొహంతో నేను బోధన్ రోడ్డు మీద నిజామాబాద్ బస్సు కోసం నిలబడ్డాను. మా ఊరి కటింగ్ షాపులో సగం గడ్డం అయ్యేసరికి బయట డప్పు మోగింది. చాటింపు మాటలు విని షాపతను కత్తి మడిచి డబ్బాలో పెట్టేశాడు. "సార్, తప్పు పట్టకు. ఇంక నీకు నేను చెయ్యి పెట్టద్దు. లేసి పో" అన్నాడు. మిగతా సగం నిజామాబాద్ బస్టాండు ఎదురుగా చేయించుకున్నాను. అక్కడి మనిషి నన్ను చూసి నవ్వాడు. అతని మీద నాకు కోపం లేదు. మా ఊరతని మీద ఉంది. ఇప్పటికీ ఉంది.

చాటింపు ఇది: నాతోగాని నా భార్యతోగాని ఊళ్ళో ఎవరూ మాట్లాడకూడదు. మా పనికి రాకూడదు. మాకేదీ అమ్మకూడదు. ఎవరు మాట్లాడితే వాళ్ళకూ అదే వెలి. చాటించింది గ్రామాభివృద్ధి కమిటీ చైర్మన్. మా వైపు సంగతి తెలియనివారి కోసం చెప్తున్నాను: సర్పంచి వేరు, పంచాయతీ వేరు. ఈ కమిటీ ఏ చట్టంలోనూ లేదు. ఒక్కో కులం నుంచి ఒక్కో పెద్దమనిషి వచ్చి బడి వరండాలో కూర్చుంటాడు. గుడికి సున్నం వేయించడం నుంచి మొగుడూ పెళ్ళాల తగాదా దాకా అక్కడే తేలుతుంది. చైర్మన్ కుర్చీ మాత్రం ఏటా దసరాకు ఒక కులం నుంచి ఇంకో కులానికి పోవాలి. అది కట్టుబాటు.

ఈ చైర్మన్ ఒక దసరాకు దిగలేదు, రెండో దసరాకూ దిగలేదు. మూడో దసరాకు, ఇంకో ఏడాది కూడా తానే ఉంటానని అతను చెప్తుంటే అందరూ నేల చూపులు చూస్తున్నారు. నేను లేచాను. నిజామాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో బతుకంతా రాజనీతిశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. నోరు ఊరుకోలేదు.

"అమెరికా మొదటి అధ్యక్షుడు బతికున్నన్నాళ్ళూ ఉంటనంటే ఉండనిచ్చేటోళ్ళు. దిగుమని చెప్పే చట్టం అప్పటికి లేకుండె. ఆయనంతట ఆయననే రెండుసార్లకు దిగి ఇంటికి పోయిండు. మనకు కట్టుబాటు ఉండి కూడ నువ్వు దిగుతలేవు" అన్నాను.

"సార్, గాయనకు పొలం పనులు లేకుండె గావచ్చు, ఇంటికి పోయి పండుకున్నడు" అన్నాడు చైర్మన్.

"ఉండె. నీకన్న పెద్ద పొలం ఉండె. సేద్యం చేసుకుంటనని చెప్పే పోయిండు."

వరండా అంతా నవ్వింది. చైర్మన్ నవ్వలేదు. నవ్వు ఆగేదాకా చూసి, "పాఠం చెప్పుడుకు జీతం బందయి ఎన్నేండ్లాయె సార్? ఇంకా ఎవలికి చెప్తున్నవ్?" అన్నాడు. ఈసారి కూడా వరండా నవ్వింది. ఆ రెండో నవ్వులో ఎవరెవరి పళ్ళు కనబడ్డాయో నేను ఇవాళ కూడా చెప్పగలను. తెల్లవారి డప్పు మోగింది.

నాతో మాట్లాడనందుకు ఊరివాళ్ళు చచ్చిపోలేదు, నేనూ చచ్చిపోలేదు. నన్ను కాల్చింది చెరకు. మా బాపు కాలంలో బోధన్ చుట్టూ ఎటు చూసినా చెరకే. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఊరంతా వరికి మళ్ళింది. మళ్ళని మొండివాళ్ళలో నేనొకణ్ణి, చైర్మన్ ఒకడు. మా గడలు లారీలెక్కి వేరే జిల్లా మిల్లుకు పోతాయి. నరకడానికి మహారాష్ట్ర నుంచి గుంపు వస్తుంది. దీపావళి తర్వాత గుంపు రాగానే చైర్మన్ వాళ్ళ ముకద్దంకు, అంటే గుంపు మేస్త్రీకి, కబురు పంపాడు: సార్ చెరకు ముట్టుకుంటే ఊళ్ళో ఇంకెవరి చెరకూ మీకు లేదు. ముకద్దం మా గేటు ముందు నుంచి మరాఠీలో ఏదో గొణుక్కుంటూ, తల దించుకుని పోయాడు. అతని గుంపు ముందుగా నరికింది చైర్మన్ చెరకునే.

నా చెరకు నిలబడే ఉంది. చలి ముదిరింది. గడలు పూత వేశాయి. పూత వేసిన చెరకు లోపల బెండుబారుతుంది, బరువు పోతుంది, తీపి పోతుంది. రోజూ గట్టు మీద నిలబడి ఆ తెల్లటి పూత చూసేవాణ్ణి. వెలి పోవాలి, చైర్మన్ కుర్చీ దిగాలి, ఆ రెండూ చెరకు ఎండేలోపు జరగాలి. నాకు వేరే ఆలోచన లేదు. అన్నం తింటున్నా అదే.

ఆ రోజుల్లో నాతో మాట్లాడినవాళ్ళంటే నా భార్య, తర్వాత నా పాత పాఠాలు. రాజును తరిమేసి కూర్చున్న అమెరికా జనం మళ్ళీ ఒక్క మనిషి చేతిలో అధికారం పెట్టాలంటే ఎంత వణికారో తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను. ఎండాకాలంలో తలుపులూ కిటికీలూ మూసుకుని కొట్లాడుకున్నారు. ఒక్కడు చాలా, ముగ్గురు కావాలా అని కూడా వాదించుకున్నారు. చివరికి ఒక్కణ్ణే పెట్టి, ఒక్కో చేతికి ఒక్కో తాడు కట్టారు. సైన్యం అతనిది, యుద్ధం ప్రకటించేది సభ. చట్టాన్ని తిప్పి పంపొచ్చు, మూడింట రెండు వంతుల మంది మళ్ళీ నిలబడితే అతని మాట చెల్లదు. తప్పు చేస్తే కింది సభ నేరం మోపుతుంది, పై సభ విచారిస్తుంది. అధ్యక్షుణ్ణే విచారించేటప్పుడు పై సభలో ఉపాధ్యక్షుడు కూర్చోడు, ప్రధాన న్యాయమూర్తి కూర్చుంటాడు. కుర్చీ మీద ఆశ ఉన్నవాడు తీర్పు దగ్గర ఉండకూడదని. ఈ నియమాలు రాసినవాళ్ళలో నడవలేని ఒక ముసలాయన ఉన్నాడు. దించే దారి చట్టంలో లేకపోతే జనం చంపే దారి వెతుక్కుంటారనీ, కాబట్టి ఈ ఏర్పాటు అధ్యక్షుడి మేలుకే అనీ ఆయన వాదించాడు. చైర్మన్ మేలు గురించి నేను ఆలోచించలేదు. రెండో దారి గురించి ఆలోచించాను. ఆలోచించలేదని రాస్తే అబద్ధం అవుతుంది.

నాకు బాగా నచ్చిన మనిషి ఇంకొకడు. రెండో అధ్యక్షుడి కాలంలో, ఆయన ఆడంబరాన్ని వెక్కిరిస్తూ రాసినందుకు కింది సభలో ఒక సభ్యుణ్ణి, ప్రభుత్వాన్ని తిడితే నేరమనే కొత్త చట్టం కింద, చలికాలంలో జైల్లో పెట్టారు. జనం అతన్ని జైల్లో ఉండగానే మళ్ళీ గెలిపించారు. తర్వాతి ఎన్నికలో ఓట్లు సమానమై విషయం సభకు వచ్చినప్పుడు, మూడో అధ్యక్షుణ్ణి నిలబెట్టిన చేతుల్లో అతని చేయి కూడా ఉంది. పగ అంటే అలా ఉండాలి. వేచి ఉండి, నియమం ప్రకారం, చేయి ఎత్తి తీర్చుకోవాలి.

ఓడ కెప్టెన్ కథ కూడా చెప్పేవాణ్ణి. ఫ్రాన్సు రేవులకు పోయే ఓడలను పట్టుకోమని చట్టం. అక్కడి నుంచి వచ్చేవాటిని కూడా పట్టుకోమని అధ్యక్షుడి హుకుం. కెప్టెన్ పట్టుకున్నాడు. చట్టం ఇవ్వని అధికారం అధ్యక్షుడు కూడా ఇవ్వలేడనీ, నష్టం కెప్టెనే కట్టాలనీ కోర్టు చెప్పింది. పాపం కెప్టెన్ అనుకునేవారు నా విద్యార్థులు. నేను ఎన్నడూ అనుకోలేదు. కత్తి మడిచిన కటింగ్ షాపతను, నన్ను చూసి టీ గ్లాసు వెనక్కి తీసుకున్న హోటలతను, వీళ్ళంతా నాకు ఆ కెప్టెన్లే.

కలెక్టరాఫీసులో అర్జీ ఇచ్చాను. సంగతి చైర్మన్ చెవిన పడింది. ఒకరోజు పొద్దున్నే అతను మా గేటు ముందు బండి ఆపాడు.

"సార్, జెర అర్జీ వాపస్ తీసుకోరాదు. రేపే గుంపును నీ చెరుకుల దించుత. నువ్వు పోచమ్మ గుడికాడ అందరి ముంగట తప్పయిందని ఒక్క మాట అను. గంతే" అన్నాడు.

అరుగు మీద కూర్చుని చూస్తున్నాను. నా భార్య తలుపు దగ్గర నిలబడింది.

"ఏం సార్, ఉలుకు లేదు పలుకు లేదు? ఇంటికొచ్చి అడుగుతున్న గద. వదినా, నువ్వన్న చెప్పు."

ఎదురింట్లో చాకలి అవ్వ ఉంటుంది. నా భార్యను "ఏం కూర వండినవ్ బిడ్డా?" అని అడిగినందుకు ఆమెను కూడా వెలి వేశారు. అప్పటి నుంచి ఎవరూ ఆమెకు బట్టలు వేయడం లేదు. అవ్వ వాకిలి ఊడుస్తున్నదల్లా చీపురు పడేసి బజార్లోకి వచ్చింది.

"సూడుండ్రి! సైర్మన్ సారుతోని మాట్లాడిండు! సారు పెండ్లాన్ని వదినా అన్నడు! నేను కూర అడిగితె ఎలి. ఈనె సుట్టరికమే కలిపిండు!"

చైర్మన్ బండి ఎక్కాడు. బజారులో తలుపులు తెరుచుకున్నాయి. అంతవరకు నాకు తట్టని సంగతి అవ్వకు ఒక్క క్షణంలో తట్టింది. అవ్వతో నేను మాట్లాడవచ్చు, ఇద్దరమూ వెలి పడ్డవాళ్ళమే. "అవ్వా, ఆదివారం కమిటీల ఇదే మాట చెప్తవా?" అన్నాను. "గింత గట్టిగనే చెప్త సారూ" అంది.

ఆదివారం మేమిద్దరం బడి గోడ బయట నిలబడ్డాం. లోపలికి పోయే హక్కు మాకు లేదు. అవ్వ గోడ మీద నుంచే చెప్పింది. కమిటీలో క్యాంపు పెద్దాయన ఒకరున్నారు. ఆయన తాతలు కాలువ వచ్చిన రోజుల్లో కోస్తా నుంచి వచ్చి భూములు కొని, ఊరి పక్కన క్యాంపు కట్టుకున్నారు. మాట ఇంకా అటుదే.

"ఏవండీ చైర్మన్ గారూ, ఆవిడ చెప్పింది నిజవేనా?" అన్నాడాయన.

"గంగ మీద ఒట్టు, నేను కమిటీ పని మీదనే పోయిన. కందకుర్తికి పోయి గోదారి నీళ్ళల్ల నిలబడి చెప్పుమన్న చెప్త. చైర్మన్‌కు గది వర్తించదు."

"చాటింపులో ఆ మాట లేదుగదండీ. ఎవరు మాట్లాడితే వాళ్ళకే అన్నారు. మీకు లేదనుకుంటే అప్పుడే చెప్పాల్సింది."

"సరె, గిది నేను విచారిస్త. వచ్చే వారం తీర్పు చెప్త."

"మీ మీద ఫిర్యాదు మీరే విచారిస్తారా? బావుందండీ! ముందా కుర్చీలోంచి లేవండి. ఇంకోళ్ళు కూర్చుని అడుగుతారు."

చైర్మన్ అటూ ఇటూ చూశాడు. దసరాకు అతను దిగనన్నప్పుడు నేల చూపులు చూసిన పెద్దమనుషులు ఇప్పుడు కూడా నేల చూపులే చూస్తున్నారు. నేల చూసే మనిషి ఎవరికీ అండ కాడని ఆ రోజు చైర్మన్‌కు తెలిసింది. నాతో మాట్లాడినవాడికి లోపల ఉండే హక్కు లేదు కాబట్టి అతను లేచాడు. అతను గోడ దాటి బయటికి వచ్చి, మా పక్కన కాకుండా నాలుగడుగుల దూరంలో నిలబడ్డ ఆ కాసేపు నా బతుకులో నేను అనుభవించిన గొప్ప సుఖాల్లో ఒకటి. అవ్వ మూతి అటు తిప్పి, "దగ్గరికి రా బిడ్డా, మనం మనం ఒకటే కులమైనం" అంది.

లోపల ఎక్కువసేపు పట్టలేదు. వంతు ప్రకారం కుర్చీ కల్లుగీసే గౌండ్ల కులం పెద్దమనిషికి పోయింది. నా వెలి ఎత్తేశారు, అవ్వ వెలి ఎత్తేశారు. మమ్మల్ని లోపలికి పిలిచారు. పాత చైర్మన్ మాత్రం ఇంకా గోడ బయటే ఉన్నాడు.

"సార్, ఈనెదేం చేద్దాం? ఎలి ఉంచుదామా?" అని కొత్త చైర్మన్ నన్నే అడిగాడు.

"ఉంచుండ్రి. నా చెరుకు ఎన్ని దినాలు నిలవడ్డదో అన్ని దినాలు ఉంచుండ్రి. తరువాత ఎలి అనే కట్టుబాటే తీసేద్దురు" అన్నాను.

"అట్ల కాదు సారూ" అంది అవ్వ. "ఆ కత్తి ఆడ ఉంటె ఇయ్యాల ఆయన మీదికి, రేపు మల్ల నా మీదికే. తీసేస్తె ఇప్పుడే తీసెయ్యుండ్రి."

క్యాంపు పెద్దాయన నా వైపు తిరిగాడు. "మాస్టారూ, అమెరికాలో ఆ సభ్యుణ్ణి జైల్లో పెట్టించిన చట్టం సంగతి మా అబ్బాయికి మీరే పాఠం చెప్పారటగదండీ. ప్రభుత్వం మారాక వాళ్ళేం చేశారు? ఆ చట్టంతోనే పాతవాళ్ళని లోపలేశారా?"

ఆ వరండాలో జవాబు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. లోపలేశారు అని ఉంటే నమ్మేవారు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ అన్నేళ్ళు చెప్పిన పాఠాన్ని వాడి కోసం తప్పుగా చెప్పడం నా వల్ల కాలేదు. వాడికి అంత విలువ లేదు.

"లేదు. ఆ చట్టం గడువు తీరిపోయింది. మళ్ళ తేలేదు. శిక్ష పడ్డోళ్ళకు కొత్త అధ్యక్షుడు క్షమాభిక్ష పెట్టిండు" అన్నాను.

మా ఊళ్ళో వెలి అనే మాట ఆ రోజుతో పోయింది. గోడ బయటి మనిషిని ఎవరో చేయి పట్టి లోపలికి తెచ్చారు. అతనికి ఒక్క పూట కూడా టీ గ్లాసు ఆగలేదు, అతని గడ్డం సగంలో ఆగలేదు.

గుంపు నా చెరకులోకి దిగేసరికి మూడోవంతు బెండే. దాన్ని నేను గట్టు మీద కుప్ప పోయించి తగలబెట్టాను, పొగ పాత చైర్మన్ ఇంటివైపు పోయే గాలి చూసుకుని మరీ.

ఇప్పుడు అతను రోజూ పొద్దున కాలువ దారిలో ఎదురవుతాడు. "నమస్తే సార్" అంటాడు. నేను పలకను. "ఊరే ఇడిసిపెట్టింది, నువ్వెప్పుడు ఇడుస్తవ్?" అంటుంది నా భార్య. కమిటీ ఎత్తేసింది కమిటీ వెలిని. నాది నా ఒక్క నోటికి సంబంధించింది. దాన్ని ఎత్తేయమని చెప్పే అధికారం ఏ అధ్యక్షుడికీ లేదు. నిన్న కూడా అతను నమస్తే అన్నాడు. నేను కాలువలో నీళ్ళు చూస్తూ దాటిపోయాను.