మూడుసార్లు చెరిపిన పిలుపు

ఇల్లు తగలబెట్టినవాడు కూడా నాలుగు గోడలైనా మిగులుస్తాడు. నేను చేసిన ఘనకార్యంలో అవీ మిగల్లేదు. పైగా ఏమీ మిగల్లేదని సంతకం పెట్టి కాగితం కూడా ఇచ్చాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆరు నెలల కోర్సు చేసి, ఎల్బీ నగర్‌లో ఒక రిపేరు షాపులో చేరిన కొత్త. మా దగ్గరికి ఎక్కువగా ఆసిలోస్కోపులు వచ్చేవి, అంటే కరెంటునీ శబ్దాన్నీ తెరమీద అలలా గీసి చూపే పెట్టెలు. పెట్టె చేతులు మారేముందు పాత యజమాని అందులో దాచుకున్నవన్నీ చెరిపేసి, ఏమీ లేదని కాగితం రాసివ్వడం మా షాపు ఆచారం. ఆ పని నాకప్పగించారు. ఇంకేం, నాకు కొమ్ములు మొలిచాయి.

ఒకరోజు భాగ్యమ్మ గారు ఆటోలో ఒక పెట్టె తెచ్చారు. ఆమె భర్త యాదయ్య గారు ఆంప్లిఫయర్లు బాగుచేసేవారట. పోయి ఏడాదైంది.

"అమ్మిపెట్టు బిడ్డా. రేపొస్త, ఒక్కసారి ఆన్ జేసి సూపెట్టు. తర్వాత ఎవరికన్న ఇయ్యి."

పనిచేస్తోందో లేదో చూసుకుంటారు కాబోలనుకున్నాను. అడగొచ్చుగా అంటారా? అడిగితే నేను నేనెందుకవుతాను! అడక్కపోగా ఆవిడకే పాఠం మొదలెట్టాను.

"ఇందులో రెండు రకాల మెమరీ ఉంటుందమ్మా. ఒకటి పలక మీద రాత, స్విచ్ ఆపితే పోతుంది. రెండోది పచ్చబొట్టు, ఏళ్లకేళ్లు ఉంటుంది."

"గట్లయితె పోదన్నట్టు," అని ఆవిడ నిశ్చింతగా వెళ్లిపోయారు.

ఆ పచ్చబొట్టును నేను మూడుసార్లు చెరిపాను. ఒకసారి చాలు, మిగతా రెండూ నా శ్రద్ధ. పెట్టెకు గుచ్చి ఉన్న పెన్‌డ్రైవ్‌నూ వదల్లేదు.

మర్నాడు ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకొచ్చి తెర ముందు కూర్చున్నారు.

"ఆయన మైకు వెట్టి నా పేరు పిలిసి, ఆ గీత దీంట్ల దాసిండు. 'ఇగో, నీ పేరు గిట్లుంటది' అని సూపెట్టెటోడు. గది ఒక్కసారి సూసి అమ్మేద్దామని."

చేతులు కాలాక ఆకులు పట్టుకుందామంటే, ఆ ఆకుల్నీ నేనే కాల్చుకున్నాను. తెరమీద ఉత్త అడ్డగీత ఉంది.

"ఏది బిడ్డా?"

"చెరిపేశానమ్మా."

"మల్ల రాదా?"

"రాకుండానే చెరిపానండి."

కాళ్లూ చేతులూ ఆడలేదు. తెలివి మాత్రం ఆడింది. మైకు తగిలించి "భాగ్యమ్మ గారూ" అని పిలిచాను. తెరమీద అల లేచింది.

ఆవిడ తల అడ్డంగా ఊపారు. "గింత మర్యాద ఆయనెన్నడియ్యలే. 'ఏమే భాగ్యా' అనెటోడు."

మైకు తనే తీసుకుని, గొంతు బొంగురు చేసి, "ఏమే భాగ్యా" అన్నారు. ఆ అలను చాలాసేపు చూశారు.

"గిట్ల గాదు," అని కొంగుతో కళ్లొత్తుకున్నారు.

నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి.

"ఇగ అమ్మేయి బిడ్డా. దీంట్ల ఏం లేదు గద."

ఆ ముక్కే నా సంతకంతో కాగితం మీద ఉంది. ఇవ్వడం షాపు నియమం, ఇచ్చాను. ఆవిడ దాన్ని మడిచి పర్సులో పెట్టుకున్నారు.

అందుచేత మహాజనులారా, స్క్రూడ్రైవర్ మీద ఒట్టు. అడక్కుండా ఆ చెరిపే మీట నొక్కను. మొన్న కాలేజీ ల్యాబు నుంచి పెట్టె తెచ్చిన ఆయన్ని అడిగాను.

"సార్, ఇందులో ఎవరైనా ఉన్నారా?"

ఆయన కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నారు. పర్వాలేదు, జవాబు చెప్పేదాకా నేను మీట ముట్టలేదు.