చిన్నమ్మలు గారి పాడుబడ్డ ఇల్లు

మజ్జి వెంకట చిన్నమ్మలు గారికి షరతు లేకుండా ఎవరికీ పిడికెడు అన్నం పెట్టడం చేతకాదు. ఈ సంగతి అనురాధకు ఆవిడను చూసిన మొదటి రోజే తెలిసింది. పంతులమ్మగా పదవీ విరమణ చేసి, అనంతగిరి కొండల్లోని ఆ చిన్న ఊళ్ళో ఇల్లు అద్దెకు తీసుకొని, అనురాధ పుస్తకాల పెట్టెలు దింపించుకుంటూ ఉండగా గేటు దగ్గర పొట్టిగా, గుండ్రంగా ఒకావిడ ప్రత్యక్షమయ్యారు.

"టీచరమ్మా, నీకాడ గొడుగుందా?"

అనురాధ ఆకాశం వంక చూసింది. ఏప్రిల్ ఎండ మండిపోతోంది. "ఉందండీ. ఎందుకు?"

"రేపు మా ఇంటికాడ భోజనం. గొడుగేసుకొనొత్తేనే లోపలికి. లేదంటే గుమ్మంలోనే ఆపేత్తాను."

మర్నాడు అనురాధ గొడుగుతో వెళ్ళి, చేపల పులుసు తిని, గొడుగు లేకుండా తిరిగివచ్చింది. అడిగితే, "నువ్వే ఎక్కడో మర్సిపోనావు" అన్నారు చిన్నమ్మలు గారు. ఉద్యోగకాలమంతటిలోనూ ఒక్క సుద్దముక్కనైనా మరిచిపోని మనిషికి ఆ మాట గుచ్చుకుంది. తరువాతి భోజనానికి పాత కళ్ళజోడు పెట్టుకొని రావాలన్నది షరతు. ఏది పప్పో ఏది పచ్చడో తెలియక అనురాధ నానా అవస్థా పడింది. ఎర్రదారంతో కాడ కట్టిన ఆమె పాత కళ్ళజోడు ఆ పూటే మాయమైంది. ఆ తరువాత దుప్పటి. తన ఇంటి సామాను ఒక్కొక్కటే ఆ ఇంట్లో కలిసిపోతున్నా, పిలిచినప్పుడల్లా అనురాధ వెళుతూనే ఉంది. ఆ పులుసు రుచి అటువంటిది.

చిన్నమ్మలు గారు శ్రీకాకుళం వైపు నుంచి నర్సుగా వచ్చి, ఈ కొండలన్నీ కాలినడకన తిరిగి, ఇక్కడే స్థిరపడిపోయారు. ఊళ్ళో సగంమంది మొదటి ఏడుపు ఏడ్చింది ఆవిడ చేతుల్లోనే. అందుకే ఆవిడ ఏ షరతు పెట్టినా ఎవరూ కాదనరు.

ఆ ఏడు కొండవాలుల్లో వలిసెపూలు పచ్చగా విరిసే వేళకు కొత్త షరతు పుట్టింది.

"నా పుట్టినరోజు. పాడేరు నుంచి మా పాత నర్సులు జీపులో వత్తన్నారు. అందరూ సిరిగిన కోకలే కట్టుకోవాల. ఇల్లు పాడుబడిపోయినట్టుండాల."

"ఎవరి ఇల్లు?"

"నాదే. పట్నమోళ్ళు ఇలాగే సేత్తన్నారంట. ఫోన్లో సూసినాను."

"చిన్నమ్మలుగారూ, మీ పక్కింటి గోడ నిజంగానే పడిపోతోంది. ఈ వేళాకోళం ఇప్పుడు అవసరమా?"

ఆ పక్కిల్లు కొర్ర రాజులమ్మది. వానలకు వెనకగోడ నాని, వంగి, సగం జారిపోయింది. మళ్ళీ అల్పపీడనం పట్టిందంటే మిగతాది కూడా నేలమట్టమవుతుంది. ఆ ఊళ్ళో ఇల్లు పాడైనవారు కబురు పెడితే చాలు, ఊరంతా ఎర్రమట్టీ వెదురూ తెచ్చి ఒక్కపూటలో నిలబెట్టేస్తుంది. వచ్చినవారికి కోడికూరతో భోజనం పెట్టడం మాత్రం ఇంటివారి మర్యాద. ఆ ఏడు రాజులమ్మ కాఫీతోటకు పురుగు పట్టింది. విందు పెట్టే స్తోమతు లేదు గనుక ఆమె కబురు పెట్టలేదు. పలకరించబోయిన వాళ్ళకు, "గాలొత్తాదని నేనే ఒదిలేసినాను" అని చెప్పి పంపేసింది.

రాజులమ్మ సంగతి అనురాధకు తెలుసు. ఒక కాకరకాయ ఇస్తే సాయంత్రానికి గుమ్మడికాయ తెచ్చి గుమ్మంలో పడేస్తుంది. ఒకసారి అరకు సంతకని బయలుదేరి, బస్సు బోర్డు మీద ఏముందో పక్కవాళ్ళను అడగడానికి మనసొప్పక పాడేరు బస్సెక్కేసింది. మర్నాడు తిరిగివచ్చి, "నాకు పాడేరులోనే పని" అన్నది.

చిన్నమ్మలు గారు ఆ వంగిన గోడ వైపు ఒకసారి చూసి, "ఎవులి పిచ్చి ఆళ్ళకానందం" అని, అనురాధ చేతికి బొగ్గుముక్క ఇచ్చారు. "గోడమీద పగుళ్ళు గియ్యి."

అనురాధ గీసింది. చిన్నమ్మలు గారు నడుము మీద చేతులు వేసుకొని చూశారు. "పగులు అంత తిన్నగా ఉంటాదేటమ్మా? స్కేలెట్టి గీసినావా?"

"స్కేలు లేకుండా గీసినా నాకు తిన్నగానే వస్తుంది" అన్నది అనురాధ, కాస్త గర్వంగానే.

కాఫీ డికాక్షన్ పూసి గోడకు చెమ్మమరకలు తెప్పించారు. కప్పు నుంచి కొన్ని పెంకులు జాగ్రత్తగా దింపి, జారిపడినట్టు వాకిట్లో పేర్చారు. బ్యాండేజీ గుడ్డ పోగులు లాగి మూలమూలనా సాలెగూళ్ళు కట్టారు. అంతకుముందు చిన్నమ్మలు గారు చీపురు పట్టి నిజమైన సాలెగూళ్ళన్నీ దులిపేశారు.

"అవి ఉంచితే సరిపోయేది కదండీ?"

"సాల్లే! నలుగురొచ్చే ఇంట్లో బూజుంటే బాగుంటాదేటి?"

ఒక్కటే అనురాధకు అంతుపట్టలేదు. పిల్లి ఈనినా ఊరందరినీ పిలిచే మనిషి, ఈసారి ఊళ్ళో ఒక్కరికీ చెప్పలేదు. వంటకు మాత్రం పెద్ద గుండిగలు పొయ్యెక్కాయి.

పుట్టినరోజు ఉదయం పశువులను తోలుకుపోతూ పెద్దాయన సోంబరు ఆ ఇంటి ముందు నిలబడిపోయాడు. పెంకులను చూశాడు. పగుళ్ళను చూశాడు. పశువులను వెనక్కు మళ్ళించి గబగబా వెళ్ళిపోయాడు. కిటికీలోంచి చూస్తున్న చిన్నమ్మలు గారు ఎందుకో సంతోషంగా చేతులు రుద్దుకున్నారు.

కాసేపటికి ఊరు ఊరంతా దిగింది. తట్టల్లో ఎర్రమట్టి, భుజాల మీద వెదుళ్ళు, గడ్డిమోపులు. అందరికంటే ముందు, అందరికంటే పెద్ద తట్టతో, రాజులమ్మ.

"నర్సమ్మా! ఇల్లిలాగైపోతే ఒక్క మాట సెప్పవా? మేం సచ్చిపోనామేటి?" అని ఆ గుంపులోంచి గంగ గడ్డిమోపు దింపుతూ కేకలేసింది. మగవాళ్ళు అప్పుడే నీళ్ళు పోసి, గడ్డి కలిపి, మట్టి తొక్కడం మొదలుపెట్టారు.

అనురాధ ఒక అడుగు ముందుకు వేసింది. "అసలు విషయమేమిటంటే..." అని నోరు తెరవగానే చిన్నమ్మలు గారు ఆమె కాలు తొక్కారు. మట్టి చక్కగా పాకానికి వచ్చేదాకా ఆ కాలు తీయలేదు.

సరిగ్గా అప్పుడే జీపు వచ్చింది. అందులోంచి చినిగిన కోకలు కట్టుకొని, జుట్టు విరబోసుకొని, విశ్రాంత నర్సులు బిలబిలమంటూ దిగారు.

సోంబరు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "ఓలమ్మో! నర్సమ్మలందరికీ పింఛనాగిపోనాదేటి?"

ఇక దాచి లాభం లేదన్నట్టు చిన్నమ్మలు గారు తడిగుడ్డ తెచ్చి, గోడమీద పెద్ద పగులును ఒక్క తుడుపుతో తుడిచేశారు. "పార్టీకి ఏసిన ఏసమర్రా ఇది."

గంగకు కోపం ముంచుకొచ్చింది. "మరి ఈ మట్టేటి సెయ్యాల? తొక్కేసినాం. ఇడిసేత్తే ఎండి రాయైపోద్ది!"

"మట్టికంటే పెద్ద సిక్కు నాది" అన్నారు చిన్నమ్మలు గారు దిగులుగా. "ఊరందరికీ సరిపడా కోడికూర ఉడికిపోనాది. పని సెయ్యనోళ్ళకి ఈయాల నా ఇంట్లో ముద్దెట్టను. అదీ షరతు. సూత్తే, నాకాడ కూలిన గోడే లేదు." ఆవిడ నాలుగు దిక్కులూ చూసి, చివరకు పక్కింటి వైపు తిరిగారు. "రాజులమ్మా, నీ గోడ ఈ పూటకి అరువియ్యవే. నా పరువు నిలబెట్టు."

అందరూ రాజులమ్మ వైపు చూశారు. ఆమె తొక్కిన మట్టిని చూసింది. తన గోడను చూసింది. చిన్నమ్మలు గారి ముఖంలోకి చాలాసేపు చూసింది.

"అరువే గదా?"

"అరువే."

"తీసుకున్నది తీసుకున్నట్టు ఒప్పజెప్పాల."

"గోడ ఒప్పజెప్పీగలను గానీ, ఆ కంతలు మాత్రం నేనే ఉంచేసుకుంటానే."

రాజులమ్మ మూతి బిగించినా నవ్వు ఆగలేదు. "సర్లే, బేగి కానీండి. పొద్దుగూకితే నా గోడ ఎవులికీ ఇయ్యను."

విశ్రాంత నర్సులు చినిగిన కోకలు ఎగదోపి మట్టిలోకి దిగారు. వేసుకున్న వేషం పనికి భలే సరిపోయింది. వెదురు తడిక నిలబెట్టాక సోంబరు మొలలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకొని, ఒక కన్ను మూసి, గోడ తిన్నగా ఉందో లేదో చూశాడు. ఆ కళ్ళజోడు కాడకు ఎర్రదారం ఉంది. అనురాధ దాన్ని గుర్తుపట్టింది. తన గొడుగు ఈ వానల్లో ఎవరి నెత్తిమీద ఉందో, దుప్పటి ఎవరు కప్పుకుంటున్నారో ఇక అడగనక్కరలేదనుకున్నది.

సాయంత్రానికి గోడ ఎర్రగా, నున్నగా నిలబడింది. భోజనాలయ్యాయి. రాజులమ్మ విస్తరి ముందు కూర్చోబోయే ముందు తన ఇంటి గుమ్మడికాయలన్నీ తెచ్చి చిన్నమ్మలు గారి వంటింట్లో దొర్లించింది. ఇప్పుడు తడిగోడ మీదికి పోయే కోళ్ళను అదిలిస్తూ అక్కడే కాపలా కాస్తోంది.

అనురాధ, చిన్నమ్మలు గారు కలిసి డికాక్షన్ మరకలు కడుగుతున్నారు.

"టీచరమ్మా, ఒచ్చే ఆదివారం మళ్ళీ భోజనం."

"షరతేమిటి?" అన్నది అనురాధ. ఈసారి ఆమె గొంతులో విసుగు లేదు.

"అందరూ సదువు రానోళ్ళలాగ నటించాల. నానూ, మా నర్సులూ, ఊరోళ్ళూ వరసగా కూకుంటాం. నువ్వు పలకలు అట్టుకొచ్చి నేర్పించాల."

అనురాధ గోడ దగ్గర ఉన్న రాజులమ్మ వైపు చూసి, తిరిగి మరకలు రుద్దసాగింది. "అలాగే. ‘అ’తో మొదలుపెట్టనా?"

చిన్నమ్మలు గారు గుడ్డ పిండుతూ గొంతు తగ్గించి అడిగారు. "ముందుగాల ‘అరకు’ నేర్పియ్యమ్మా. ఆ తరవాత ‘పాడేరు’."